పిప్పర్మెంటు నూనె

1986 ఏప్రిల్ 17, గురువారం. ఆదోనిలో ఆ రోజు ఆకు కదల్లేదు. పొద్దున తొమ్మిదికే వాకిట్లో పరిచిన బండలు కాలుతున్నాయి. ఆకాశం నీలంగా కాక సున్నపు నీళ్ల రంగులో ఉంది. అలాంటి రోజున వాసన ఎటూ పోదు, ఉన్నచోటే కూర్చుంటుంది. దస్తగిరి బాధ అదే.

అతని గురువు మహబూబ్ షా సూఫీ. ఆయన ఇంట్లో మూడు నెలలుగా మురుగు కంపు. ఇంకో పది రోజుల్లో ఉరుసు. ఊరూరి నుంచి జనం వస్తారు, వచ్చి ఆ ఇంట్లోనే అన్నం తింటారు. వాళ్లు ముక్కు మూసుకుంటే ఆ తలవంపు తనదేనని దస్తగిరి అనుకున్నాడు.

దానికి కారణం ఉంది. దస్తగిరి ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాడు. సీసా మూత కొంచెం వదులు చేస్తే చాలు, చీటీ చూడకుండా మందు పేరు చెప్పేవాడు. ఒకసారి డాక్టరే పందెం కట్టి ఓడిపోయి టీ తాగించాడు. ఆ టీ సంగతి ఆదోనిలో వినని మనిషి లేడు. రెండుసార్లు విన్నవాళ్లే ఎక్కువ.

అంతటి ముక్కుకూ ఈ కంపు పుట్టిల్లు దొరకలేదు. ఫినాయిలు పోయించాడు. మురుగు తొట్టి మూత చుట్టూ సిమెంటు మెత్తించాడు. గుంతకల్లు నుంచి ఒక మేస్త్రీని పిలిపిస్తే, అతను వక్కపొడి నములుతూ ఇల్లంతా తిరిగి, కంపు పక్కింటిదని తేల్చి బస్సెక్కాడు.

చివరికి దస్తగిరి అనుమానం హుసేన్‌బీ మీదికి పోయింది. ఆమె వెనకగదిలో ఉండి, వచ్చేపోయేవాళ్లకు ఇరవై ఏళ్లుగా వండి పెడుతోంది. భర్త దూదేకేవాడు, ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. పైపు ఆమె వంటగది కిందుగానే పోతుంది. బియ్యం గంజి, చేపల నీళ్లు పోసి పోసి పైపు పాడుచేసిందని, ఉరుసుకు ముందే ఆమెను పంపేసి గది నేల పగలగొట్టాలని గురువుతో చెప్పాడు.

"ఎవరి దగ్గరికి పంపుతావు?" అన్నాడు మహబూబ్ షా.

ఎవరో ఒకరు ఉండకపోరని దస్తగిరి గొణిగాడు. గురువు కాసేపు తసబీ పూసలు తిప్పి, పైపు అక్కడే పగిలిందని తేలితే అలాగే చేద్దామన్నాడు.

తేల్చే ఉపాయం దస్తగిరి దగ్గర ఉంది. పదిహేనేళ్ల కిందట రైల్వేలో ఒక శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉండేవాడు, కడుపులో పురుగులకు మందు తీసుకోవడానికి వచ్చి గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాడు. మేడ మీద మురుగుపైపుకు ఉండే గాలిగొట్టంలో పిప్పర్మెంటు నూనె పోసి, వెనకే వేడినీళ్లు పోసి, మూతికి గుడ్డ బిగించాలని అతనే చెప్పాడు. కింద ఎక్కడ పిప్పర్మెంటు వాసన వస్తే అక్కడ పైపుకు సందు ఉన్నట్టు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు గానీ, అది దస్తగిరికి గుర్తులేదు.

నూనె, వెనకే వేడినీళ్లు పోశాడు. చేతి మీద కొంచెం ఒలికితే పంచెకు తుడుచుకున్నాడు. గుడ్డ బిగించి, మెట్లు దిగి, నేరుగా హుసేన్‌బీ గడప దగ్గరికి వెళ్లి గాలి పీల్చాడు. పిప్పర్మెంటు. సందేహమే లేదు.

హుసేన్‌బీ ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తకుండానే అంది: "కాంపౌండరన్నా, నువ్వు వచ్చినాక కదా నాకీ వాసన వచ్చింది?"

నేరం దొరికినవాళ్లు అలాగే మాట్లాడతారని దస్తగిరి అనుకున్నాడు. వెళ్లి గురువుకు చెప్పాడు.

మహబూబ్ షా లేచి చెప్పులు వేసుకున్నాడు. రమ్మని సైగ చేసి వీధిలోకి నడిచాడు. డెబ్బై అయిదేళ్ల మనిషి, ఆ ఎండలో, పత్తి మార్కెట్టు దాకా నడిచాడు. అక్కడ బళ్లు, పత్తి బోరాలు, ఎద్దులు. మధ్యలో ఆగి అన్నాడు.

"ఇక్కడ వాసన చూడు."

దస్తగిరి గాలి పీల్చాడు.

"ఇక్కడా ఉంది హజ్రత్," అన్నాడు. అనేశాక ఆగిపోయాడు.

నూనె పోసినవాడు వాసన చూడకూడదు. ఇన్‌స్పెక్టరు చెప్పిన రెండో మాట అది. పదిహేనేళ్ల తర్వాత ఎద్దుల మధ్య గుర్తొచ్చింది.

తిరుగుదారిలో గురువు దాని ఊసే ఎత్తలేదు. పత్తి ధర పడిపోయిందట, ఆ సంగతి మాట్లాడాడు. ఇంటికి వచ్చాక దస్తగిరిని వీధి అరుగు మీద కూర్చోమని, హుసేన్‌బీని పిలిచి ఇల్లంతా వాసన చూసి రమ్మన్నాడు. ఆమె చేతులు కడుక్కుని బయల్దేరింది. దస్తగిరికి ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తోంది. వంటగది దాటింది. హాలు దాటింది. నడవ చివర ఆగింది.

"హజ్రత్, ఇక్కడ."

ఆ నడవ చివర ఉన్నది పెద్ద హజ్రత్ గది. మహబూబ్ షాకు గురువు ఆయన. పోయి ఆరు నెలలయింది. ఆయన గదిలో, స్నానాలగదిలో ఎవరి కాలూ పడకూడదని దస్తగిరే తాళం వేశాడు. గురువారం గురువారం తలుపుకు మల్లెదండ కట్టి, గడప దగ్గర ఊదొత్తులు వెలిగిస్తాడు. తాళంచెవి అతని మొలతాడుకే ఉంది.

తలుపు తీశాక పిప్పర్మెంటు, దాని వెనకే అసలు కంపు ముఖాన కొట్టాయి. స్నానాలగదిలో నీళ్లు పోయే తూము కింద పైపు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో నీళ్లు నిలిచినంతకాలం మురుగు గాలి పైకి రాదు. ఆరు నెలలుగా అందులో చుక్క పడలేదు. ఎండి, నెర్రెలిచ్చిన మట్టి కనిపిస్తోంది.

మహబూబ్ షా చెంబు తెప్పించి, తూములో నీళ్లు పోశాడు. గుడగుడమంది. ఇంకో చెంబు పోశాడు. చప్పుడు ఆగింది.

"ఆయన స్నానం చేసిన చోటు హజ్రత్," అన్నాడు దస్తగిరి. "అందుకే..."

"అవును. ఆయన రోజూ చేసేవాడు."

చెంబు బోర్లించి హుసేన్‌బీ వైపు తిరిగాడు. "రేపటి నుంచి నువ్వు ఇక్కడ స్నానం చెయ్యమ్మా."

దస్తగిరి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఆమెకు ఇచ్చాడు.

మరుసటేడు వానాకాలంలో మహబూబ్ షా కన్నుమూశాడు. నలభయ్యో రోజున అందరూ కూర్చున్నాక, ఆయన రాసిపెట్టిన కాగితం చదవమని దస్తగిరికే ఇచ్చారు. గద్దె మేనల్లుడికి. పుస్తకాలు మదరసాకు. ఇల్లు శిష్యులందరికీ ఉమ్మడి. పెద్ద హజ్రత్ గది, స్నానాలగదితో సహా, బతికినంతకాలం హుసేన్‌బీకి. దస్తగిరి పేరే అందులో లేదు.

వెనక కూర్చున్నవాళ్లెవరో సరిగా వినపడలేదన్నారు. దస్తగిరి మొదటినుంచి మళ్లీ చదివాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా, ఒక్క పేరూ మింగకుండా.