సాయిలు అడిగినంతసేపు

ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చున్నచోట జవాబు చెప్పే అలవాటు కేశవాచార్యుల వారికి లేదు. కండువా సర్దుకుంటారు, చెప్పులు వెతుక్కుంటారు, "పద, అలా వెళ్లొద్దాం" అంటారు. ఆ వెళ్లడం కూరగాయల బజారుకు కావచ్చు, రైలు స్టేషనుకు కావచ్చు. జవాబు దారిలో ఎక్కడో దొరుకుతుంది, లేదా దొరకదు. దొరకనివాళ్లు ఆయనకు చాదస్తం ముదిరిందని చెప్పుకుంటారు. దొరికినవాళ్లు ఏమీ చెప్పుకోరు.

వారిజ ఆయన దగ్గర పన్నెండేళ్లు సంగీతం నేర్చుకుంది. ఇప్పుడు తానే బాణీలు కడుతోంది, పేరూ వస్తోంది. ఆ ఏడాది నగరంలోని ఒక మ్యూజియం వాళ్లు కొత్త ప్రదర్శన తలపెట్టారు. ఒక్కో గదికి ఒక చిత్రకారుడు, ఒక సంగీతకర్త. ఇద్దరూ కలిసి ఆ గదిని తయారు చేయాలి. వారిజకు జత కుదిరినవాడు దేవేందర్. రాతి క్వారీలో పనిచేసే మనుషుల్ని నాలుగు గోడల నిండా గీశాడు. వారిజ ఆ గదికి పదకొండు నిమిషాల సంగీతం కట్టింది. దేవేందర్ విన్నాడు, చాలా బాగుందన్నాడు, ఆ వెంటనే అనకూడని మాట అన్నాడు. జనం నాలుగో గోడ ముందుకు వచ్చేసరికి పాట ఆగిపోవాలట. కాసేపు ఏమీ వినపడకూడదట.

వారిజ ప్రాణమంతా పెట్టింది ఆ నాలుగో గోడ దగ్గరే. ఆరు వయొలిన్లు ఒక్కసారిగా పైకి లేచే చోటు అది. దాన్ని కోసేయమంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. మాటా మాటా పెరిగింది, ఇద్దరూ పలకరించుకోవడం మానేసి వారమైంది. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చకపోతే జంటను విడదీస్తామని, బొమ్మల్ని గదిలోనూ పాటను బయటి వరండాలోనూ పెడతామని మ్యూజియం వాళ్లు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం పట్టుకుని వారిజ గురువుగారి దగ్గరికి వచ్చింది.

"నా పాటలో తప్పుంటే దిద్దుకుంటాను గురువుగారూ. తప్పు లేదని అతనే ఒప్పుకుంటున్నాడు. మరి బొమ్మ కోసం పాట ఎందుకు నోరు మూసుకోవాలి?"

ఆచార్యుల వారు కండువా సర్దుకున్నారు.

ఆటో ఎక్కాక గానీ వెళ్లేది ఆ మ్యూజియానికేనని ఆమెకు తెలియలేదు. కొత్త ప్రదర్శన జరిగే వైపు కాదు, వెనక ఉన్న పాత భవనానికి. ముప్పై రెండేళ్ల కింద అక్కడొక గదికి తానూ సంగీతం కట్టానని ఆయన దారిలో చెప్పారు. పన్నెండేళ్లలో ఎన్నడూ చెప్పని సంగతి అది.

ఆ గదికి బొమ్మలు వేసినవాడు సాయిలు, పటాలు రాసే కుటుంబంవాడు. పటం అంటే చీరకంటే పొడవైన బట్ట. దాని మీద ఒక గొల్ల వీరుడి కథ మొత్తం బొమ్మలుగా ఉంటుంది. ఊళ్లలో కథ చెప్పేవాళ్లు దాన్ని వేలాడదీసి, ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడేవాళ్లు. పట్నం జనానికి పట్నం సంగీతం ఉండాలని మ్యూజియం వాళ్లు కేశవాచార్యులను పిలిచారు. పటాన్ని రెండు చెక్క రోలర్లకు చుట్టారు. కాపలా మనిషి పిడి తిప్పుతుంటే ఒక బొమ్మ పోయి ఇంకో బొమ్మ వచ్చేది, పక్కన టేపు పాడేది.

"సాయిలు నన్ను ఒకే ఒక్కటి అడిగాడు," అన్నారాయన. "'పటం చుట్టేటప్పుడు మావోళ్లు పాడరు సారూ. కొత్త బొమ్మ మీద జనం కండ్లు కుదురుకున్నంకనే పాట ఎత్తుకుంటరు. మీరు గూడ గంతసేపు ఆగుండ్రి' అని."

"మీరేమన్నారు?"

"ఖాళీ దేనికయ్యా, నేను నింపుతాగా అన్నాను. నింపాను కూడా. పటం తిరిగిన ప్రతిసారీ వీణ మీద ఒక ముక్క. అంత మంచి ముక్క నేను మళ్లీ కట్టలేదు." ఆయన బయటికి చూస్తూ కూర్చున్నారు. "ప్రారంభం రోజున శాలువా కప్పారు. సాయిలు వెనక నిలబడి నవ్వాడు. మళ్లీ నేను ఆ గదికి పోలేదు."

గదిలో పటం ఇంకా ఉంది. ఇప్పుడు రోలర్లు తిరగవు. పెళ్లి బొమ్మ దగ్గర ఆపేసి ముందు అద్దం బిగించారు. ఎర్రటి నేల మీద పందిరి, పెళ్లికొడుకు, బాజాలవాళ్లు, కిక్కిరిసిన చుట్టాలు. పక్కన స్టూలు మీద జహంగీర్ అనే కాపలాదారు కూర్చుని ఉన్నాడు. మరో నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషి. ఎదురుగా ఉన్న ముసలాయన ఎవరో అతనికి తెలియదు.

"ఇదివరకు ఇక్కడ పాట వచ్చేది కదా?" అని అడిగారు ఆచార్యుల వారు.

"వచ్చేది సార్. మస్తుగుండె ఆ పాట. జనం కండ్లు మూసుకొని విందురు." జహంగీర్ ముఖం వెలిగింది. పటం తిరిగేటప్పుడు వచ్చే వీణ ముక్కను గొంతులోనే కూనిరాగం తీశాడు. ఒక్క స్వరం కూడా తప్పలేదు.

ఆచార్యుల వారు మురిసిపోతారని వారిజ అనుకుంది. ఆయన మురిసిపోలేదు.

"కళ్లు మూసుకుంటే మరి బొమ్మలు?"

"పాట గంత మంచిగుంటే బొమ్మలెవరు జూస్తరు సార్?" అని నవ్వి, జహంగీర్ ఆ నవ్వును మధ్యలోనే ఆపేశాడు. "బొమ్మలేసిన సాయిలు అని ఒకాయన ఉండె. మొదట్ల తొమ్మిది దినాలు రోజు బస్సెక్కి వచ్చిండు. అగో, ఆ స్తంభం కాడ నిలబడేది. బొమ్మలు జూడకపోయేది, జనం మొకాలు జూసేది. తొమ్మిదో దినం నా కాడికొచ్చి, 'తమ్మీ, గీ పెండ్లి బొమ్మ కాడ జర పాట ఆపరాదూ' అన్నడు. నేనెట్ల ఆపుత సార్? పైనుంచి ఆర్డరు. నా పిడి నేను తిప్పుకుంటనే ఉన్న. ఆయన మల్ల రాలే."

"తర్వాత?"

"తర్వాత రెండేండ్లకు టేపు ఖరాబైంది. బాగుచేయించుండ్రని నేను రాసియ్యలే." ఆ ముక్క మాత్రం కొంచెం తగ్గు గొంతుతో చెప్పాడు. "అప్పటికేం ఫాయిదా? ఆయన వస్తుంటే గద, జూసుకొని సంబురపడేటందుకు."

సాయిలుది ఏ ఊరో, అక్కడికి బస్సు ఎక్కడ దొరుకుతుందో ఆచార్యుల వారు అడిగారు. అడిగేటప్పుడే కండువా సర్దుకోబోయారు. జహంగీర్ ఊరి పేరు చెప్పి, సాయిలు చనిపోయి మూడేళ్లయిందని కూడా చెప్పాడు. ఆచార్యుల చెయ్యి కండువా మీదే ఉండిపోయింది. ఆయన శిష్యురాలికి జవాబు చూపించడానికి వచ్చారు, ఈ తొమ్మిది రోజుల సంగతి ఆయనకూ ఇప్పుడే తెలిసింది. గురువుగారి కళ్లలో నీళ్లు తిరగడం వారిజ అదే మొదటిసారి చూసింది. ఆమెకు బాధ వేసింది, దానితోపాటు సిగ్గు కూడా వేసింది. వారం కింద దేవేందర్ తన ముందు నిలబడిన తీరు గుర్తొచ్చింది. అతను పాటను తప్పు పట్టలేదు. తన బొమ్మ కోసం బతిమాలుకున్నాడు.

ఇద్దరూ అద్దం ముందుకు వచ్చి నిలబడ్డారు.

"ఎంతసేపు ఆపమన్నాడు గురువుగారూ, ఆయన?" అని అడిగింది వారిజ.

ఆయన కుడిచెయ్యి తొడ మీద వేసి, పాఠం మొదలుపెట్టే ముందు రోజూ చేసినట్టే ఆది తాళం ఒక్కసారి వేశారు. ఎనిమిది లెక్కలు, చప్పుడు లేకుండా. గదిలో ఇంకేమీ వినపడలేదు. వారిజ బొమ్మను చూసింది. నాలుగో లెక్క దగ్గర పందిరి గుంజ వెనక ఒక చిన్న ఆడమనిషి కనిపించింది. అందరూ పెళ్లికొడుకును చూస్తుంటే ఆమె ఒక్కతే ఇటు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆమె ఎవరో, ఎందుకు ఏడుస్తోందో చెప్పడానికి సాయిలు లేడు. ముందు ఆమెను గీశాకే చుట్టూ పెళ్లిని గీసినట్టుంది ఆ బొమ్మ.

తాళం పూర్తయింది. ఆచార్యుల వారు చెయ్యి తీసేశారు.

"ఇంతే అడిగాడమ్మా," అన్నారు.