ఏడో అంతస్తు గది

కనకపురిలో ఏడంతస్తుల సత్రం ఉండేది. రాజబంధువులు సైతం అక్కడ బస చేయాలని ముచ్చటపడేవారు. మోకాళ్ల నొప్పులతో వచ్చిన చాపలల్లే సింగారమ్మకు అదృష్టం కొద్దీ కింది గది దొరికింది. ఇంతలో భారీకాయుడైన దండనాయకుడు భల్లయ్య దిగాడు. ఖాళీగా ఉన్నది ఏడో అంతస్తు గది ఒక్కటే. మెట్లెక్కే ఓపిక లేక, సింగారమ్మను అక్కడికి పొమ్మని గద్దించాడు.

"అలాగే వెళ్తాను బాబూ. కాకపోతే పడుకున్నప్పుడు నా కాళ్లు తమరి తలపైన ఉంటాయి. నలుగురూ ఏమనుకుంటారో!" అంది సింగారమ్మ దిగులుగా.

భల్లయ్య ఉలిక్కిపడ్డాడు. "ఆగు! పైగది నాదే," అంటూ తనే మెట్లెక్కాడు. నాలుగో అంతస్తులో కూలబడి, "ఇంకా ఎంతుందే?" అని రొప్పుతూ అరిచాడు.

సింగారమ్మ హాయిగా కాళ్లు చాపుకుని, "తమ హోదాకు ఇంకా మూడంతస్తులు తక్కువ బాబూ!" అని కిందనుంచి కేకేసింది.