పేరయ్య ఏ ద్వారంలో నిలబడాలి?

ఒకానొక రాజ్యం, పొన్నగిరి అనుకోండి. అక్కడి జనానికి ఒక పూట అన్నం లేకపోయినా గడుస్తుందేమో గానీ, మబ్బుగుర్రం వీరుడి కథ లేకపోతే గడవదు. ఆ వీరుడు మబ్బుకి కళ్లెం వేసి ఊళ్లన్నీ తిరిగాడట. నిజంగా తిరిగాడా అని అడిగినవాడికి ఆ రాజ్యంలో మంచినీళ్లు కూడా పుట్టవు.

అందరికంటే ముదిరిన పిచ్చి రాజు ప్రచండవర్మది. ఏడాదికోసారి కోట ముందు మైదానంలో అభిమానుల జాతర పెట్టించేవాడు. వంటవాడి దగ్గర్నుంచి సేనాపతి దాకా అందరూ ఆ కథలోని వేషాలే కట్టాలి. వీరుడి వేషం మాత్రం రాజుగారిదే. ఇంకెవరైనా వేస్తే ఏమవుతుందంటారా? ఎవరూ వెయ్యలేదు లెండి.

ఆ ఏడు రాజుకి ఒక కొత్త బుద్ధి పుట్టింది. "అభిమానులు వేరు, కళాకారులు వేరు. ఇద్దరూ ఒకే ద్వారంలోంచి తోసుకురావడమేమిటి?" అని రెండు ద్వారాలు కట్టించాడు. పడమటిది అభిమానులకి, తూర్పుది కళాకారులకి. తూర్పున పేరు నమోదు చేయించుకున్నవాడి మెళ్లో ఒక రాగిబిళ్ళ వేస్తారు. బిళ్ళ ఉన్నవాడే జాతరలో ఆడాలి, పాడాలి. బిళ్ళ లేనివాడి దగ్గర వేషాల సామాను ఉంటే అది రాజుగారి కొట్టుకి జమ. అభిమానులకి పంచిపెడతారట!

ఇదిగో, ఇక్కడే మన పేరయ్య నెత్తిన పిడుగు పడింది.

పేరయ్య పగటివేషగాడు. వాళ్లకి రంగస్థలం ఉండదు, తెర ఉండదు. పట్టపగలు నడివీధిలోకి ఏదో ఒక వేషంలో వస్తారు, చూసినవాళ్లు నిజమేననుకుంటారు. ఆఖరి రోజున మటుకు వేషం లేకుండా సొంత మొహంతో వచ్చి, "ఆ వచ్చినవాణ్ణి నేనే బాబూ" అని చెప్పి సంభావన పుచ్చుకుంటారు. అదీ వాళ్ల ఆచారం. పేరయ్యకి తాతనాటి వేషాల పెట్టె ఒకటుంది. అందులో తెల్లజుట్టు టోపీ వాళ్ల నాన్న కూర్చుని ఒక్కో వెంట్రుకా కుట్టినది. ఆ పెట్టె పోతే పేరయ్యకి ఇంక మిగిలేది ఒక్క మొహమే.

తూర్పు ద్వారం దగ్గర ముద్రాధికారి చిట్టిభట్లు ఘంటం పుచ్చుకుని కూర్చున్నాడు. కుమ్మరి కుండ చూపించాడు, బిళ్ళ ఇచ్చారు. హరిదాసు గొంతెత్తాడు, బిళ్ళ ఇచ్చారు. పేరయ్య వంతు వచ్చింది.

"నీ కళ ఏదోయ్?"

"నేనేనండి."

"నువ్వు కనిపిస్తూనే ఉన్నావు. కళ ఏదీ అంటున్నాను."

"వేషం వేస్తే అది కనిపిస్తుందండి. అప్పుడు నేను కనిపించను."

చిట్టిభట్లు ఘంటం కింద పెట్టి బుర్ర గోక్కున్నాడు. "ఏదో ఒకటి వేసుకురావయ్యా, చూస్తాను."

పేరయ్య చాటుకి వెళ్లి సన్యాసి వేషం కట్టుకుని వచ్చాడు. చిట్టిభట్లు ఉన్నపళాన లేచి సాష్టాంగపడ్డాడు.

"స్వామీ! తమరు ఈ వరసలో నిలబడటమేమిటి? అన్నసత్రం అటు పక్కన."

"నేను పేరయ్యనండీ, ఇందాకటి పేరయ్యని!"

"ఆహా! పేరయ్యా తమరే, నేనూ తమరే, అంతా తమరే! ఎంత చల్లని వేదాంతం చెప్పారు స్వామీ!" అంటూ మళ్లీ కాళ్ల మీద పడ్డాడు.

లాభం లేదని పేరయ్య వెళ్లి కొత్వాలు వేషంలో వచ్చాడు. చిట్టిభట్లు తన పీట తుడిచి వేశాడు. "కొత్వాలుగారికి బిళ్ళ దేనికండీ? ద్వారమే తమది!"

వేషం తీసేసి వచ్చాడు. "మళ్లీ వచ్చావూ? కళ ఏదోయ్?"

పేరయ్యకి కళ్లు తిరిగాయి. బాగా వేస్తే వేషమని నమ్మరు, వెయ్యకపోతే కళ లేదంటారు. పోనీ కాస్త చెడగొట్టి వేస్తే గుర్తుపడతారేమోనని, ఒకవైపే మీసం అంటించుకుని, దాన్ని కూడా వేలాడేసుకుని వెళ్లాడు. చిట్టిభట్లు ఎగాదిగా చూశాడు. "ఇంత అధ్వాన్నంగా వేసేవాడు అభిమానే. పడమటికి పో!"

పడమటికి వెళితే అక్కడి భటుడు, "అమ్మో, ఇంత పెట్టె ఉందంటే నువ్వు కళాకారుడివే. తూర్పుకి పో!" అన్నాడు.

ఆ తూర్పుకీ పడమటికీ మధ్య, మెళ్లో బిళ్ళ లేదని భటులు పెట్టె కాస్తా లాక్కున్నారు. పేరయ్య లబోదిబోమంటూ రాజుగారి డేరాలోకి పరుగెత్తాడు.

ప్రచండవర్మ వీరుడి వేషంలో, నీలిపట్టు కట్టుకుని, పక్కన పట్టపుటేనుగుతో సహా కొలువుదీరి ఉన్నాడు. అంతా విని మీసం మెలేశాడు. "వేషం కట్టడం కూడా ఒక కళేనటోయ్? మా ఏనుగు చూడు, మబ్బుగుర్రం వేషం కట్టింది!"

"కట్టింది ప్రభూ. కానీ గుర్రమని ఎవరూ గుగ్గిళ్లు పెట్టలేదు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజుకి మండింది.

"అంత గొప్పవాడివా? రేపు పొద్దుగూకేలోగా ఏ వేషంలోనైనా నా ముందుకి రా. నేను గుర్తుపడితే పెట్టె నాది, పట్టలేకపోతే బిళ్ళ నీది. మూటెడు సామాను మాత్రం తీసుకుపో."

పేరయ్య తన తండ్రి కుట్టిన తెల్లజుట్టు టోపీ మూట కట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు చూడాలి రాజుగారి అవస్థ! ఎవణ్ణి చూసినా పేరయ్యే. పొద్దున్నే ఆశీర్వదించడానికొచ్చిన పురోహితుడి గడ్డం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. "అయ్యో ప్రభూ, ఇది నాదేనండీ!" అని ముసలాయన గోలపెట్టాడు. పొరుగురాజు దూత మీసం పీకబోతే ఆయన గుర్రమెక్కి పారిపోయాడు. సేనాపతి పొట్ట పొడిచి, "ఇందులో దూది కుక్కావా?" అని అడిగితే, "లేదు ప్రభూ, అంతా తిండే," అన్నాడాయన దిగులుగా. ఆఖరికి అద్దంలో వీరుణ్ణి చూసి కూడా, "ఎవడ్రా నువ్వు?" అని గద్దించి నాలిక్కరుచుకున్నాడు.

పొద్దు వాలుతోంది. అంతలో డేరా బయట కర్ర టకటకలాడింది.

"ఒరే బుజ్జీ!"

సభంతా బిగుసుకుపోయింది. రాజుని అలా పిలవగలిగిన మనిషి భూప్రపంచంలో ఒక్కతే ఉంది. చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన దాది కోటమ్మ. నడుం వంగిపోయి, తెల్లజుట్టు చెదిరిపోయి, రొప్పుతూ లోపలికొచ్చింది.

"పెద్దవాళ్ల గడ్డాలు లాగుతున్నావటరా? చిన్నప్పుడు మేకపోతు గడ్డం లాగి కుమ్మించుకున్నది చాలలేదూ?"

రాజు గబగబా సింహాసనం దిగాడు. "అది కాదు దాదమ్మా, ఆ గడ్డం వెనకాల పేరయ్య ఉన్నాడేమోనని..."

"గడ్డం వెనకాల గడ్డమే ఉంటుంది. ఎదురు చెప్పకు! చెవులు పట్టుకో. గుంజీళ్లు తియ్యి!"

"అందరూ చూస్తున్నారు దాదమ్మా..."

"లాగినప్పుడు చూడలేదూ? తియ్యి!"

పొన్నగిరి ప్రభువు, మహాప్రచండుడు, చెవులు పట్టుకుని గుంజీళ్లు తీశాడండీ! కిరీటం పక్కకి జారింది. "ముక్కు తుడుచుకో," అందావిడ. వీరుడి నీలిపట్టు కొంగుతో ముక్కు తుడుచుకున్నాడు.

అప్పుడు వంగిన నడుం మెల్లగా లేచింది. తెల్లజుట్టు చేతిలోకి వచ్చింది. కింద పేరయ్య!

రాజు మొహం కందగడ్డయింది. ఇంకేముంది, పెట్టెతోపాటు తల కూడా పోయిందనుకున్నాడు పేరయ్య.

"బాగానే కట్టావు. అయినా వేషమే కదా! మా వంటవాడూ కట్టాడు. వాడికీ నీకూ తేడా ఏమిటి?" అని ఉరిమాడు రాజు.

పేరయ్య చేతులు జోడించాడు. "అభిమాని వేషం కడితే అది అతని ఒంటిమీదే ఉండిపోతుంది ప్రభూ. కళాకారుడు కడితే చూసేవాడి ఒంటిమీదికి కూడా పాకుతుంది. నేను తెచ్చుకున్నది ముసలమ్మ వేషం ఒక్కటే. మరి తమరికి ఆ పసివాడి వేషం కట్టిందెవరు? నేను రంగు పుయ్యలేదు, కిరీటం ముట్టుకోలేదు."

రాజు ఏదో అనబోయాడు. తన చెయ్యి ఇంకా తన చెవినే పట్టుకుని ఉందని అప్పుడు తెలిసింది. దాన్ని చూసుకున్నాడు, పేరయ్యని చూశాడు. ఒక్కసారి పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి, పక్కకి జారిన కిరీటం కాస్తా కింద పడింది.

"మేకపోతు సంగతి నీకెవరు చెప్పారోయ్?"

"కోటమ్మగారే ప్రభూ. కర్ర కూడా ఆవిడదే. పురోహితులవారికి దణ్ణం పెట్టించి మరీ రమ్మన్నారు."

రాజు వెంటనే దణ్ణం పెట్టాడు. పురోహితుడు ఎందుకైనా మంచిదని తన గడ్డం పట్టుకుని మరీ ఆశీర్వదించాడు.

పెట్టె నిండా కొత్త పట్టుబట్టలు పెట్టించి ఇచ్చి, "బిళ్ళ కూడా పుచ్చుకో," అన్నాడు రాజు.

"ఆఖరి రోజున సొంత మొహంతో పుచ్చుకోవడం మా ఆచారం ప్రభూ. రేపు ద్వారం దగ్గరికే వస్తాను."

మర్నాడు పేరయ్య తూర్పు ద్వారానికి వెళ్లేసరికి చిట్టిభట్లు తలెత్తి, "ఎవరోయ్ నువ్వు?" అన్నాడు. పేరయ్య నోరు తెరిచేలోగా రాజుగారే వీరుడి వేషంలో వచ్చి, రెండు ద్వారాల మధ్యా తచ్చాడటం మొదలుపెట్టాడు.

"పేరయ్యా, ఇంతకీ నేను ఏ ద్వారంలో వెళ్లాలోయ్?"

"వీరుడి వేషానికైతే పడమర ప్రభూ. మొన్నటి ఏనుగు వెనకాలే. నిన్నటి పసివాడి వేషానికైతే తూర్పు. దాన్ని ఒక్కరూ శంకించలేదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, తన ముత్యాలహారం తీసి పేరయ్య మెళ్లో వేసి, బిళ్ళ కూడా తన చేత్తోనే కట్టాడు. తర్వాత పడమటి ద్వారంలో వంటవాడి వెనక, సేనాపతి పొట్టని తోసుకుంటూ, అందరితోపాటు లోపలికి పోయాడు.

చిట్టిభట్లు మాత్రం పేరయ్య మొహాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. అనుమానం తీరక జుట్టు పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

"అయ్యో, ఇది నాదేనండీ!" అన్నాడు పేరయ్య.