గడ్డికోత తేదీ

ఓబుళరెడ్డి మాస్టారు ముప్పై ఏళ్లుగా నేలనెమలిని గమనిస్తున్న మనిషి. నడుమెత్తు గడ్డిలో బతికే ఆ పిట్ట గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆయన దగ్గరికే వెళ్లేవారు. ఆయనకొక అలవాటుండేది. పుస్తకాలు చదివి ఎవరైనా ప్రశ్న తెస్తే, ఆ పుస్తకాలు చదవని మనిషి దగ్గరికి వాళ్లను తీసుకెళ్లేవారు.

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న షాహీన ఒకనాడు తన చివరి అధ్యాయం పట్టుకొచ్చింది. ‘ఇంకా తెలియవలసినవి’ అని పేరు పెట్టి, కింద నాలుగు వాక్యాలకు మించి రాయలేకపోయింది.

“మగపిట్టలు ఎన్ని, అవి ఏ నెలలో ఎగురుతాయి, వాటికి ఎంత గడ్డి కావాలి, అన్నీ మీరే రాసేశారు సార్. ఇక తెలియనిది ఏముందని రాయను?”

మాస్టారు మర్నాడు పొద్దున్నే ఆమెను బీడుకు తీసుకెళ్లారు. అది ఆ పిట్ట కోసమే వదిలిన నేల. వానాకాలమంతా అందులోకి ఎవరినీ రానివ్వరు. ఆడపిట్టల కోసం మగపిట్టలు గడ్డిపైకి ఎగిరెగిరి పడడం మానేశాక, ఇక ఆ ఏటికి పిల్లల కాలం అయిపోయిందని, ఒక తేదీ పెట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లను గడ్డి కోసుకోనిస్తారు. ఆ రోజే కోత మొదలైంది. పాతికమంది దాకా వంగి కోస్తున్నారు. వాళ్లందరిలోకి పెద్దది సుంకులమ్మ.

“నన్నడిగింది ఆమెనడుగు” అన్నారు మాస్టారు.

షాహీన మొహమాటంగానే ముసలామె పక్కన గొంతుక్కూర్చుంది. “అవ్వా, నేలనెమలి గురించి నీకేం తెలుసు?”

“నాకేం తెలుసు పాపా. మొగది ఎగిరేది మీరు సూస్తారు. మేం ఆడదాన్ని సూస్తాం. కోతలప్పుడు గుడ్లమీద ఉంటాది గదా. కొడవలి తగిలేదాకా లేయదు.”

ఆ మాట అర్థం కావడానికి షాహీనకు కొంతసేపు పట్టింది. “కోతలప్పుడు గుడ్లా?”

“ఏటా ఉంటాయి.” సుంకులమ్మ లేచి, నాలుగడుగులు వేసి, కోసిన గడ్డిని పక్కకు తీసింది.

ఎండుగడ్డి రంగు పిట్ట. ఒక రెక్క తెగి వేలాడుతోంది. అయినా అది లేవలేదు. దాని కింద రెండు మంచి గుడ్లు, పగిలింది మరొకటి.

“ఇందాకే తగిలింది, సూసుకోల్యా. ఇంకో పదైదు దినాలు ఆగింటే పిల్లలు నడిచి పోయుండు.”

“ఈ సంగతి ఎవరికైనా చెప్పారా అవ్వా?” అని అడిగింది షాహీన.

“ఎవురడిగినారు పాపా? ఎవరో పెద్ద సారు పుస్తకంలో రాసిన తేదీ అంట. ఆయనకు తెలీందా మనకు తెలిసేది అనుకున్యాం.” ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు.

ఆ పుస్తకం ఏదో షాహీనకు తెలుసు, ఇరవై రెండేళ్ల కిందట మాస్టారు రాసిందే. అందులో ఆ తేదీ చెప్పే వాక్యాన్ని పోయిన వారమే తన మూడో అధ్యాయంలో రాసుకుంది. మాస్టారి వైపు తిరగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తిరిగేసరికి ఆయన కోసిన గడ్డిమోళ్ల మీదే కూలబడి ఉన్నారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇది చూపించడానికి ఆయన తనను తీసుకురాలేదని, ఇది ఆయనకూ తెలియదని ఆమెకు అప్పుడు తెలిసింది.

“ఇరవై రెండు కోతలు” అన్నారాయన తనలో తనే.

కాసేపటికి లేచి కాపలాదారు మద్దిలేటిని పిలిచి కోత ఆపించమన్నారు.

“తేదీ ప్రకారమే కోస్తున్నారు సార్. కాగితం లేకుండా ఎట్ల ఆపేది?”

“ఆ తేదీ చెప్పింది నేనే. తప్పు చెప్పాను.” జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఆ మాటే రాసి, సంతకం పెట్టి, చింపి ఇచ్చారు. మద్దిలేటి దాన్ని రెండుసార్లు చదువుకొని ఈల వేశాడు. కొడవళ్లు ఆగాయి. “ఆగుతాంలే సారూ, గడ్డి యాడికి పోతాది” అంది సుంకులమ్మ. ఆమె చేతుల్లోకి తీసుకున్న పిట్ట అక్కడే ప్రాణం వదిలింది.

తిరిగి వస్తుంటే షాహీన ఉండబట్టలేక అడిగింది. “అన్నేళ్లు చూశారు కదా సార్. ఆడపిట్ట గురించి ఆ పుస్తకంలో ఒక్క మాట కూడా ఎందుకు లేదు?”



“నాకు కనబడలేదమ్మా” అన్నారు మాస్టారు. “కనబడలేదన్న ఆ మాట కూడా పుస్తకంలో రాయలేదు.”