చెంచి తినని ఎలుక

అనగనగా, మన ముత్తవ్వల ముత్తవ్వలు కూడా పుట్టకముందు, రేగడిపాడని ఒక ఊరు. ఆ ఊరి చేలల్లో ఎలుకలు పట్టుకు బతికే ముసలిది చెంచి, యానాదామె. కన్నంలో పొగ పెట్టి పట్టేది, కాల్చుకు తినేది. ఎలుకలు పట్టినందుకు గింజలు పోసేవాళ్లు గానీ, ఆమెను ఎవరూ గడప తొక్కనిచ్చేవాళ్లు కారు.

ఒకనాడు ఓబుళరెడ్డి గాదె కింద ఓ ఎలుక దానంతటదే చచ్చిపడింది. మర్నాడు మూడు. ఆ మర్నాడు గంపెడు.

"పీడ విరగడైంది, గింజలు దక్కాయి! చెంచీ, పండగ చేసుకోవే" అన్నాడు రెడ్డి.

చెంచి ముట్టలేదు. "నేను తినని ఎలుక ఉందంటే, అది మంచి ఎలుక కాదు దొరా. ఇళ్లొదిలి చేలల్లోకి పదండి."

రెడ్డి పకపకా నవ్వాడు.

"పైఊళ్లోనూ ఇట్లాగే నవ్వారు దొరా. నా కళ్లారా చూశా. తలుపులేసుకుని ఒకే ఇంట్లో ముడుచుకున్నారు. సచ్చినోళ్ల మీద పడి ఏడ్చారు. ఆళ్ల బొంతలే మూటగట్టుకుని సుట్టాలూళ్లకు పారిపొయ్యారు. జబ్బు ఆ మూటల్లో కూసోని ఊరూరూ తిరిగింది. ఇప్పుడు ఆడ దీపం పెట్టే దిక్కు లేదు."

రెడ్డి భార్య నాగసానమ్మ మాత్రం నవ్వలేదు. నలభై ఏళ్లలో చెంచి ఎలుకను వద్దనడం ఆమె ఎరగదు. మనవరాలిని చంకనేసుకుని చేలకు నడిచింది. వెనకే ఊరంతా కదిలింది. ఎడమెడంగా గుడిసెలు వేసుకున్నారు.

ఆ హడావుడిలో రెడ్డి తల్లి, మంచాన పడ్డ ముసలామె, ఇంట్లోనే ఉండిపోయింది! రెడ్డి ఆమె కోసం బయల్దేరాడు, భయపడి వెనక్కొచ్చాడు. మూడుసార్లు వెళ్లాడు, మూడుసార్లూ వెనక్కొచ్చాడు. చివరికి, ఏనాడూ తొక్కని ఆ గడప దాటి చెంచే లోపలికెళ్లింది. బొంతలు అక్కడే పారేసి, ముసలామెను వీపున మోసుకొచ్చింది.

మూడోనాటికి చెంచి చంకలో గడ్డ లేచింది. చేను చివరి గుడిసెలోకి ఒక్కతే వెళ్లిపోయింది.

"దగ్గరికి రాబాకండి. పొయ్యాక కూడా రాబాకండి, గుడిసెకు నిప్పెట్టండి. ఏడుపొస్తే ఆడ్నించే ఏడవండి" అని కేకేసింది.

ఊరంతా అక్కడి నుంచే ఏడ్చింది. రెడ్డి అందరికన్నా ఎక్కువ ఏడ్చాడు. ఆ ఏడు రేగడిపాడులో పోయింది ఆ ఒక్క ప్రాణమే.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఇంట్లో ఎలుక చచ్చిపడితే "చెంచమ్మ తినని ఎలుక" అంటూ, ఉడికే కుండనైనా వదిలి బయటికి నడుస్తారు. చేను చివర ఆమె పేర ఒక రాయి ఉంది. ఏ దేవతకైనా దగ్గరికెళ్లి మొక్కుతారు. చెంచమ్మకు మాత్రం దూరాన నిలబడే మొక్కుతారు. ఒకప్పుడు ఆమెను గడప తొక్కనివ్వని ఊరే, ఈనాటికీ ఆమె మాట దాటి ఒక్క అడుగు ముందుకెయ్యదు.