దుర్ముఖికి దొరికిన శ్రీ

ఒకప్పుడు సంవత్సరాల పేర్లను ఉత్తగానే పలికేవారు. ప్రభవ అంటే ప్రభవ, విభవ అంటే విభవ. పేరుకు ముందూ వెనుకా ఏమీ ఉండేది కాదు.

సంవత్సరాలు అరవై. లోకానికి అది మొదటి వరుస. వంతు వచ్చిన సంవత్సరం ఊరి పొలిమేరలో నిలబడేది. ఉగాది ఉదయం సిద్ధాంతి సూరన్న గారు దాని పేరును గట్టిగా పిలవాలి. పిలిస్తేనే అది లోపలికి అడుగు పెట్టేది. అది అడుగు పెడితేనే వేప పూసేది.

వికృతి వంతు వచ్చినప్పుడు సూరన్న గారికి ఆ పేరు పలకడం ఇబ్బంది అనిపించింది. దగ్గుతూ దగ్గుతూ సగం మింగేశారు. ఆ సంవత్సరం సగమే లోపలికి వచ్చింది. వేప సగం కొమ్మలకే పూసింది. అందుకని ఇకమీదట దగ్గకూడదని ఊరివారు గట్టిగా చెప్పారు.

తరువాత కొన్నేళ్లకు మన్మథ వచ్చాడు. ఆ పేరును ఊరంతా కలిసి పాడినట్టు పిలిచింది. మన్మథ వంతు ముగిసింది. పొలిమేరలో దుర్ముఖి నిలబడ్డాడు. అతని చంకలో తొలకరి వాన మూట ఉంది.

సూరన్న గారు పంచాంగం విప్పారు. ఎదురుగా వారి అత్తగారు కూర్చున్నారు.

"దుర్ము..." అన్నారు సూరన్న గారు.

"ఎవరినయ్యా ఆ మాట? నా వైపే చూస్తున్నావేం?" అన్నారు అత్తగారు.

సూరన్న గారు పంచాంగం మూసేశారు. మరి నోరు విప్పలేదు.

పది రోజులు గడిచాయి. వేప మొగ్గలను బిగించి పట్టుకుంది. "పిలుపు వినిపించలేదు. నేను పూయను" అంది. చేతిలోని చెరుకువిల్లు ఎండిపోయి, మన్మథ వీధి అరుగు మీద చతికిలబడ్డాడు. కొత్త సంవత్సరం లోపలికి వస్తేనే పాతది వెళ్లాలి. "నన్నిక వెళ్లనివ్వండి బాబూ" అన్నాడు.

గవరమ్మ అనే ముసలామెకు కొండ కింద అరెకరం చేను ఉంది. విత్తనపు చోళ్లు, అదే రాగులు, కుండలో ఎదురుచూస్తున్నాయి. ఆ వాన మూట లోపలికి రాకపోతే అవి మొలవవు. ఆమె కర్ర పట్టుకుని పొలిమేరకు నడిచింది.

దుర్ముఖి ముఖం మీద కండువా కప్పుకుని కూర్చున్నాడు.

"ఎండగా ఉందా నాయనా?"

"లేదు అవ్వా. నా పేరు విన్నావుగా. చూస్తే జడుసుకుంటావు."

"తియ్యి, చూద్దాం."

అతను కండువా తీశాడు. ఎండకు కమిలిన మామూలు ముఖం. కనుబొమలు మాత్రం మబ్బుల్లా దట్టంగా ఉన్నాయి.

"ఇంతేనా! మా వియ్యంకుడిని నువ్వు చూడలేదు" అంది గవరమ్మ.

"అరవై ఏళ్లకు ఒక్కసారి నా వంతు. ఎవరూ పిలవకుండానే అది దాటిపోతుందేమో" అన్నాడు దుర్ముఖి. మూటలో వాన అప్పటికే కొంత ఆవిరైపోయింది.

గవరమ్మ అతన్ని అక్కడే ఉండమని చెప్పి సూరన్న గారి ఇంటికి వెళ్లింది.

"బాబూ, మా వియ్యంకుడు ఏనాడూ నవ్వి ఎరగడు. అయినా శుభలేఖలో అతని పేరుకు ముందు శ్రీ రాయించాం. పెళ్లికి వచ్చాడు. బూరెలు తిన్నాడు. వెళ్లేటప్పుడు నవ్వాడు కూడా. ఈ పిల్లవాడికీ ఒక శ్రీ తగిలించలేరా?"

"శ్రీ పెట్టినా దుర్ముఖి దుర్ముఖే కదమ్మా?"

"అది నామం బాబూ. పేరు. మనిషి కాదు. పేరు మాత్రమేనని కూడా చెప్పేయండి."

సూరన్న గారు పంచాంగం మళ్లీ చేతికి తీసుకున్నారు. తరువాత పొలిమేరకు వెళ్లి, అత్తగారితో సహా ఊరంతా వింటుండగా, దగ్గకుండా పిలిచారు.

"శ్రీ దుర్ముఖి నామ సంవత్సరమా, దయచేయండి!"

దుర్ముఖి కండువాను భుజాన వేసుకుని నిండుగా లోపలికి వచ్చాడు. వేప కొమ్మ కొమ్మకూ పూసింది. మూటలో మిగిలిన తొలకరి గవరమ్మ చేను మీదే మొదట కురిసింది.

మన్మథ వెళ్తూ వెళ్తూ ఆగాడు. "నన్ను మాత్రం ఎవరూ శ్రీ అనలేదే?" అన్నాడు.

అది న్యాయమైన మాటే అని ఊరు ఒప్పుకుంది.

అప్పటినుంచే, పేరు అందమైనదైనా కాకపోయినా, ప్రతి సంవత్సరాన్నీ ముందు శ్రీ, వెనుక నామ సంవత్సరం చేర్చి నోరారా పలుకుతున్నారు. వేప కూడా ఆ పిలుపు కోసమే చెవి ఒగ్గి, సరిగ్గా ఉగాదికే పూస్తోంది.