బియ్యపు గింజంత మందు

వారిజకు చెయ్యి చురుకు. పళ్ళ డాక్టరు చదువు ముగించుకుని నల్లగొండలో ఖాజా గారి ఆసుపత్రిలో చేరిన కొద్ది నెలలకే పన్ను పీకడం, గార తీయడం, పుచ్చుకు సిమెంటు పెట్టడం అన్నీ ఒక్కతే చేసేసేది. గురువుగారితో ఆమెకు ఒక్కటే పేచీ. ఆయన ఏ పనైనా నానబెట్టి చేస్తారు. మందు వెయ్యమంటే మరీ పిసినారి. పదిమందికీ తెలిసిన చెయ్యి కాబట్టి చెల్లిపోతోంది గానీ, ఈ కాలంలో ఇలా చేస్తే ఎలా అని లోపల అనుకునేది.

ఖాజా గారు మాటల్లోనూ అంతే పిసినారి. ఎవరైనా రెండుసార్లు అడిగితే ఒకసారి జవాబు చెప్పేవారు.

ఒకనాడు సైదమ్మ అనే ఆవిడ వచ్చింది. ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగిన మనిషి. పళ్ళు గట్టివే, వరసా బాగుంది, కానీ ముందుపళ్ళ మీద అడ్డంగా ఇటుకరంగు చారలు. ఊళ్ళో జాకెట్లు కుడుతుంది. పొద్దస్తమానం పెదాల మధ్య గుండుసూదులు పట్టుకునే ఉంటుందట. నోట్లో సూదులుంటే ఎవరూ నవ్వించరని ఆమె ఎత్తుగడ. అందరూ ఆమెను పనిమంతురాలని మెచ్చుకునేవారు.

కుర్చీలో కూర్చున్నాక కూడా ఆమె కొంగు నోటి మీంచి తియ్యలేదు.

"నా సంగతి ఇడిసిపెట్టు డాక్టరమ్మా" అంది. "ఇన్నేండ్లు గిట్లనే ఎల్లదీసిన. నా బిడ్డ తాగేది మంచినీళ్ళే, దాని పండ్లు పాలోలె ఉంటయి. అయినా నన్ను జూసి అది సుత నోటికి చెయ్యి అడ్డం బెట్టుకునే నవ్వుతది."

వారిజ ఈమె పళ్ళు ముత్యాల్లా చేసి పంపాలని అక్కడే తీర్మానించుకుంది. ఆ మాట పైకి కూడా అనేసింది.

ఖాజా గారు ఒక్కో పన్నునూ తట్టి, ఆరబెట్టి చూశారు. వెనక పన్నుకు చిన్న పుచ్చు ఉంటే ముందు అది పూడ్చమన్నారు. చిగుళ్ళు శుభ్రం చేసి కొన్నాళ్ళు ఆగమన్నారు. అవన్నీ అయ్యాక, ట్రేలు చెయ్యమని వారిజకు అప్పగించారు. ట్రే అంటే ఏం లేదు, పళ్ళ అచ్చు తీసి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ రేకు వేడిచేసి లాగితే, పళ్ళకు అతుక్కునే తొడుగొకటి వస్తుంది. అందులో తెల్లబరిచే మందు వేసుకుని కాసేపు తొడుక్కోవాలి.

"పన్నుకు బియ్యపు గింజంత" అన్నారు ఖాజా గారు.

"ఎంత తెల్లబడేదాకా వాడమనాలి సర్?" అని వారిజ అడిగింది.

ఆయన చేతులు కడుక్కుంటున్నారు. వినబడిందో లేదో, తువ్వాలుతో తుడుచుకుని ఇంకో రోగి దగ్గరికి వెళ్ళిపోయారు.

వారిజ ట్రేలు చేసింది. ఎంత ఎక్కువ కప్పితే అంత బాగా పట్టుకుంటుందని అంచులు పెద్దగా కత్తిరించలేదు. అవి చిగుళ్ళ మీదికి ఎక్కాయి. మందు ఎలా వేసుకోవాలో చూపించేటప్పుడు బియ్యపు గింజ గుర్తుకొచ్చింది గానీ, పిసినారి లెక్కలు మనకెందుకులే అనుకుని, ట్రే ఈ చివర నుంచి ఆ చివరకు పెళ్ళివారికి నెయ్యి వడ్డించినట్టు వడ్డించింది. సైదమ్మ బుద్ధిగా చూసి, తలూపి, మందు గొట్టాలు కొంగున కట్టుకుని వెళ్ళింది.

రెండు రోజులకే తిరిగొచ్చింది. వెంట అత్తగారు. గుమ్మంలోనే ముసలావిడ అందుకుంది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టాయెనని. సైదమ్మ నోరు తెరిస్తే చిగుళ్ళ అంచులు పాలిపోయి తెల్లగా ఉన్నాయి. పళ్ళ మీద ఇటుకరంగు అలాగే ఉంది, నడుమ నడుమ సున్నం చల్లినట్టు తెల్లమచ్చలు. గాలి పీలిస్తే జుమ్మంటున్నాయట, మంచినీళ్ళు తాగడానికే భయమేస్తోందట.

చిగుళ్ళు కాలిపోయాయి, ఇక ఇవి రావు, ఈమె జన్మలో నవ్వదు, అందుకు కారణం నేను అనుకుంది వారిజ. అన్నిటికన్నా ఆమెను కోసేసింది సైదమ్మ మాట.

"నేనే ఎక్కువ ఏసుకున్ననేమో డాక్టరమ్మా. నాకు తెల్వకపాయె."

"కాదు సైదమ్మా" అంది వారిజ. "నేను చూపించినంతే వేసుకున్నావు. తప్పు నాది."

ఖాజా గారు ఆ మాట విన్నారు. దీపం వంచి, చిన్న అద్దంతో చిగుళ్ళన్నీ ఓపిగ్గా చూశారు.

"భయం లేదు బిడ్డా" అన్నారాయన సైదమ్మతో. "పుండు పడలే. పొద్దుగూకేసరికి ఈ తెలుపు పోతది. జుమ్మనేది నాలుగు దినాలల్ల తగ్గుతది. పండ్లు ఆరిపోయి ఆ మచ్చలు కనబడుతున్నయి, అవీ సర్దుకుంటయి."

ముసలావిడ గోడకు చేరబడి కూర్చుంది. సైదమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. వారిజ ఇక తిట్లు తినడానికి సిద్ధపడింది. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

ఖాజా గారు తిట్టలేదు. అల్మారాలోంచి వారిజ పళ్ళ అచ్చు తీసుకు రమ్మన్నారు. చేరిన కొత్తలో పని నేర్చుకోవడానికి తన పళ్ళకే తీసుకున్న అచ్చు అది. దాని మీద ట్రే చెయ్యమన్నారు, సైదమ్మకు చేసినట్టే. వారిజ చేసింది. ఆయన తన టిఫిను డబ్బా తెరిచి పెరుగు గిన్నె ముందు పెట్టారు.

"ఆమెకు ఎట్ల ఏసి చూపిచ్చినవో అట్ల ఏసుకో."

వారిజ చెంచాతో పెరుగు ట్రే నిండా వేసి తొడుక్కుంది. నొక్కీ నొక్కకముందే పెరుగు అంచుల మీంచి పొంగి చిగుళ్ళ మీదికి, పెదాల మీదికి, గడ్డం మీదికి కారింది. మింగలేక, ఉమ్మలేక, మాట్లాడలేక గురువుగారి వైపు చూసింది. ఆయన అద్దం తెచ్చి ఆమె ముందు పట్టుకున్నారు.

అద్దంలో పళ్ళ మీద ఉన్న పెరుగు కన్నా పళ్ళ బయట ఉన్నదే ఎక్కువ.

అప్పటిదాకా ఏడుస్తున్న సైదమ్మ అది చూసి కిసుక్కుమంది. వెంటనే కొంగు నోటికి వెళ్ళింది.

వారిజ మొహం కడుక్కొచ్చింది. ఎవరూ చెప్పకుండానే చిన్న కత్తెర తీసుకుని కూర్చుంది. తన ట్రే అంచును చిగుళ్ళ గీత దాటకుండా, ఒక్కో పన్ను వంపు వెంట కత్తిరించింది. నునుపు చేసి, నాలుకతో తడిమి చూసుకుంది. ఈసారి పుల్లమొనతో ఒక్కో పన్ను ఉండే చోట బియ్యపు గింజంత పెరుగు పెట్టి తొడుక్కుంది. పెదవి ఎత్తి అద్దంలో చూసుకుంది. పెరుగు పల్చగా పరుచుకుని పళ్ళ మీదే నిలిచింది. చుక్క బయటికి రాలేదు.

ఖాజా గారు గిన్నెలో మిగిలిన పెరుగు అన్నంలో కలుపుకుని భోంచేశారు.

సైదమ్మ ట్రేలు కూడా ఆ పూటే సరైపోయాయి. జుమ్మనడం పూర్తిగా తగ్గేదాకా ఏ మందూ వద్దని, తగ్గాక తక్కువ ఘాటుది కాసేపే పెట్టుకోవాలని, మధ్యలో ఒక్కో రోజు వదలాలని, మళ్ళీ జుమ్మంటే తీసేసి కబురు చెయ్యాలని వారిజ నెమ్మదిగా చెప్పింది. ఆపైన పుల్ల సైదమ్మ చేతికే ఇచ్చి ట్రేలో మందు చుక్కలు పెట్టించి చూసింది. జాకెట్టుకు కాజాలు కుట్టే చెయ్యి కదా, చుక్క చుక్కా కుదురుగా పడింది.

చాలా వారాలు గడిచాయి. మధ్య మధ్య సైదమ్మ వచ్చి చూపించుకుని పోతూనే ఉంది. ఒకరోజు కూతుర్ని చంకనెత్తుకుని వచ్చి, పిల్లను పక్క బల్ల మీద కూర్చోబెట్టి తాను కుర్చీలో కూర్చుంది.

ఇటుకరంగు పోయింది. దగ్గరికి వెళ్ళి చూస్తే పల్చటి టీరంగు నీడ అక్కడక్కడా ఉంది. ముత్యాల్లా అయితే లేవు, చక్కటి మనిషి పళ్ళలా ఉన్నాయి. వారిజకు గుండెల మీంచి బరువు దిగిపోయింది. అయినా అలవాటు ఊరుకోదు కదా. పళ్ళ రంగులు పోల్చే పట్టీ తీసి సైదమ్మ నోటి పక్కన పెట్టి చూసింది.

"ఇంకో రెండు రంగులు ఎక్కించొచ్చు సర్" అంది.

ఖాజా గారు డబ్బాలోంచి కొత్త రబ్బరు చేతి తొడుగు ఒకటి తీసి నోటితో ఊదారు. వేళ్ళు జుట్టులా నిక్కబొడుచుకుని అది కోడిపుంజైంది. పెన్నుతో రెండు కళ్ళు పెట్టి, పిల్ల ముందు ఆడించి, ఆ ముసలి గొంతుతో కొక్కొరొకో అని కూశారు.

పిల్ల పకపకా నవ్వింది. చెయ్యి నోటి వైపు లేచింది. లేస్తూనే తల్లి వంక చూసింది.

సైదమ్మ కూడా నవ్వుతోంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి, ఆ సంగతి ఆమెకే తెలియదు.

పిల్ల చెయ్యి సగంలో ఆగింది. అటు నుంచి అటే కోడిపుంజు కోసం చాచింది.

ఖాజా గారు పుంజును దాని చేతికిచ్చి, వారిజ వైపు తిరిగారు.

"ఇంకెంత తెల్లబడాలె?"

వారిజ రంగుల పట్టీని సొరుగులో పెట్టి మూసేసింది.